గోడ లేని కోట, ఒక ఆవు తగువు: ఫోర్ట్ లారమీపై చర్చ

(చర్చలో కొంత భాగం. స్టూడియోలో చరిత్ర అధ్యాపకురాలు, రిటైర్డ్ కల్నల్; డెన్వర్ నుంచి ఆన్‌లైన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు.)

సంధానకర్త: వయోమింగ్ రాష్ట్రంలోని ఫోర్ట్ లారమీని మీరు ఈమధ్యే చూసొచ్చారు కదా. ఎలా ఉందండీ?

ఇంజినీరు: పిల్లలకి గోల్కొండ లాంటి కోట చూపిస్తానని తీసుకెళ్లాను. మూడు గంటల పైనే డ్రైవ్. తీరా చూస్తే చుట్టూ గోడే లేదు! మైదానం, దాని చుట్టూ బ్యారక్‌లు. “కోట ఎక్కడ నాన్నా?” అని మా చిన్నది ఒకటే గొడవ.

అధ్యాపకురాలు: (నవ్వుతూ) మొదట్లో గోడ ఉండేది. 1834లో దాన్ని కట్టింది సైన్యం కాదు, తోళ్ల వ్యాపారులు. ఆ మైదానాల స్థానిక తెగవాళ్లు లకోటాలు, బైసన్ (అడవి దున్నల్లాంటి జంతువులు) తోళ్లు తెచ్చి సరుకులు తీసుకెళ్లేవారు. ఒకరకంగా సంత అన్నమాట. 1849లో సైన్యం 4,000 డాలర్లకు కొంది. ఒరెగాన్‌కీ కాలిఫోర్నియాకీ పోయే బళ్ల బాట అటే మరి.

కల్నల్: సైన్యం కూడా గోడకి ప్లాన్ గీసింది, ఖర్చు చూసి వదిలేసింది. కాపలా అవసరమైంది బాటకి, కోటకి కాదు.

అధ్యాపకురాలు: ఆ బాటతోనే వచ్చింది చిక్కు. 1850లో ఒక్క ఏడాదే దాదాపు 50,000 మంది ఆ దారిన వెళ్లారు. వాళ్ల పశువులు గడ్డి మేసేశాయి, చెట్లు వంటచెరుకైపోయాయి, బైసన్‌లు దూరంగా పోయాయి. ఆ నష్టానికి పరిహారంగా అక్కడి తెగలతో అమెరికా ప్రభుత్వం చేసుకున్న 1851 ఒప్పందంలో ఏటా 50,000 డాలర్ల సరుకులు 50 ఏళ్లు ఇస్తామన్నారు. సెనేట్ దాన్ని 10 ఏళ్లకు దింపేసింది, అధ్యక్షుడు తలుచుకుంటే ఇంకో 5. పైగా ఆ ఒప్పందానికి వచ్చిన పది వేల మంది గుర్రాలకు కోట దగ్గర గడ్డి చాలక, సభనే హార్స్ క్రీక్ అనే వాగు దగ్గరికి మార్చాల్సి వచ్చింది.

సంధానకర్త: ఆవు కథ ఎప్పటిది?

అధ్యాపకురాలు: 1854 ఆగస్టు. ఏటా ఇచ్చే సరుకులు ఆలస్యమై, వేల మంది లకోటాలు ఏటి ఒడ్డున గుడారాలు వేసుకుని ఎదురుచూస్తున్నారు. బాటన పోయే ఒకాయన ఆవు తప్పిపోయి గుడారాల్లోకి వచ్చింది, ఒకతను చంపాడు. లకోటాల పెద్ద కాంకరింగ్ బేర్ స్వయంగా కోటకొచ్చి, బదులుగా గుర్రం ఇస్తానన్నాడు. మనవైపు అయితే బందెలదొడ్డి దగ్గర తేలిపోయే తగువు.

కల్నల్: ఒప్పందం ప్రకారం అది సైన్యం పనే కాదు, ప్రభుత్వ ఏజెంటు చూసుకోవాలి. కానీ ఏడాది క్రితమే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదువు ముగించిన లెఫ్టినెంట్ గ్రాటన్ 29 మంది సైనికులతో, రెండు ఫిరంగులతో బయల్దేరాడు. దుబాసీ చూస్తే తాగి ఉన్నాడు. మాటా మాటా పెరిగి సైనికులు కాల్చారు, కాంకరింగ్ బేర్ నేలకొరిగాడు. ఆ తర్వాత గ్రాటన్ దళం మొత్తం పోయింది. కుర్రాడి దూకుడు, అంతే.

అధ్యాపకురాలు: అంతే అంటే ఒప్పుకోను సార్. సరుకులు వేళకి వచ్చుంటే ఆ గుడారాలు అక్కడ ఉండేవే కావు. మరుసటి ఏడాది జనరల్ హార్నీ నెబ్రాస్కాలో ఒక లకోటా గుడారాల ఊరిమీద పడితే 86 మంది చచ్చిపోయారు, ఆడవాళ్లూ పిల్లలూ కలిపి. అది కూడా కుర్రాడి దూకుడేనా?

కల్నల్: కాదు. అది పై నుంచి వచ్చిన ఆర్డరు.

ఇంజినీరు: కోట పక్కనే స్థిరపడిన లకోటాలు కూడా ఉండేవారట?

అధ్యాపకురాలు: వాగ్లుహేలు. సైనికులు వాళ్లని ‘లోఫర్లు’ అనేవారు! కోటతో సంబంధాలు కలుపుకొని బతికిన జనం. 1865లో యుద్ధభయంతో సైన్యం వాళ్లని తూర్పుకి తోలుకుపోతుంటే, హార్స్ క్రీక్ దగ్గర తిరగబడి పారిపోయారు. ఒప్పందం సభ జరిగిన చోటే.

సంధానకర్త: మరి కోట ఎందుకు మూతపడింది?

కల్నల్: రైలు అక్కడికి రాలేదు. యుద్ధాలూ అయిపోయాయి. 1890లో ఖాళీ చేసి, ఇళ్లు వేలం వేశారు.

అధ్యాపకురాలు: చుట్టుపక్కల రైతులు తలుపులు, పలకలు పీక్కెళ్లి సొంత ఇళ్లకి వాడుకున్నారు. గుర్రపు దళం ఉండే ఒక బ్యారక్ కొన్నాళ్లు హోటలైంది. చివరి దుకాణదారు జాన్ హంటన్ కొన్ని కొన్నాడు కాబట్టి అవి మిగిలాయి. 1937లో రాష్ట్రం ఆ స్థలం కొని కేంద్రానికిచ్చింది.

ఇంజినీరు: నది మీద ఇనుప వంతెన ఒకటి చూశాం.

అధ్యాపకురాలు: సైన్యం 1875లో కట్టింది. సైన్యం పోయాక కూడా 1958 దాకా అక్కడివాళ్ల బళ్లు దానిమీదే తిరిగాయి.