మాల తీసిన సాయంత్రమే తాగాను, అయినా నాకు అలవాటు లేదనుకున్నా

నమస్కారం అండీ. మా పీజీలో కింది గదిలో ఉండే తమ్ముడు మొన్న అడిగాడు, "అన్నా, నేను రోజూ ఆఫీసుకు టైముకు పోతా, ఈఎంఐ కడతా, ఎవరితో గొడవ పడను. నేను తాగుబోతునా?" అని. నవ్వేసి ఊరుకోవచ్చు కానీ నాలుగేళ్ల కింద నేను కూడా నన్ను నేను ఇలాగే అడుక్కున్నాను.

తాగుబోతు అంటే మన బుర్రలో ఒక బొమ్మ ఉంటుంది కదా, రోడ్డు పక్కన లుంగీ ఊడి పడి ఉన్న మనిషి. బెంగళూరు మారతహళ్లిలో ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరిగే మనం అలా లేం కాబట్టి మనకేం లేదు, అంతే లెక్క.

ఒకరోజు మా వీధి చివర ఎంఆర్పీ మందు షాపులో నేను నోరు తెరవకముందే ఆయన క్వార్టర్ తీసి కౌంటర్ మీద పెట్టాడు, చిల్లరతో సహా. సిగ్గేసింది. సిగ్గేసి మానేశానా అంటే లేదు, షాపు మార్చాను. సోమ, బుధ ఒకచోట, మిగతా రోజులు రింగ్ రోడ్డు అవతల. గాజు సీసా బ్యాగులో చప్పుడు చేస్తోందని టెట్రా ప్యాక్‌కి మారాను, అది లాప్‌టాప్ ఛార్జర్ పక్కన చక్కగా పడుతుంది. ఇంత ప్లానింగ్ ఆఫీసు ప్రాజెక్టుకి చేసుంటే ఈపాటికి మేనేజర్‌ని అయ్యేవాణ్ణి! ఎంత తాగుతున్నారన్నది తర్వాత, దాని చుట్టూ ఎంత దాస్తున్నారో ముందు చూసుకోండి.

ఇంకోటి, మాల. 41 రోజులు చుక్క ముట్టలేదు, "చూశారా, కావాలంటే మానేయగలను" అని అందరికీ చెప్పుకున్నా. మాల తీసిన సాయంత్రమే కూర్చున్నా. అన్ని రోజులూ వేళ్ల మీద లెక్కపెట్టింది ఎందుకో స్వామికీ తెలుసు, నాకూ తెలుసు.

ఒకప్పుడు నైంటీకే ఎక్కేది, ఇప్పుడు క్వార్టర్ దాటినా ఏమీ కావట్లేదంటే "కెపాసిటీ" అని మురిసిపోకండి, ఒళ్లు దానికి అలవాటు పడిపోయిందని అర్థం. డాక్టర్ల లెక్కలో 30 ఎంఎల్ ఒక డ్రింకు, అంటే 180 ఎంఎల్ క్వార్టర్ ఆరు డ్రింకులు. మనమేమో "ఒక్కటే వేశా" అంటాం.

డాక్టర్లు అడిగే నాలుగు ప్రశ్నలున్నాయి, 1984లో అమెరికా వైద్య పత్రికలో వచ్చినవి. తగ్గించాలని అనిపించిందా? తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకొచ్చిందా? తప్పు చేస్తున్నానన్న బాధ కలిగిందా? పొద్దున్నే లేవగానే తాగాల్సి వచ్చిందా? రెండింటికి అవునంటే డాక్టర్‌ని కలవాల్సిందే. మొదటి మూడూ నాకు అవునే. నాలుగోదానికి కాదందామంటే దర్శినిలో, అంటే నిలబడి తినే టిఫిన్ హోటల్లో, ఆ పొద్దున గుర్తొచ్చింది, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికింది. పక్కనున్న కొలీగ్ "చలా?" అన్నాడు, అవునన్నా. ఏప్రిల్ నెల. వణుకు ఆగాలని ఆ రోజు ఆఫీసుకు పోకముందే ఒక నైంటీ పడింది.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. పొద్దున్నే వణుకు, చెమటలు ఉన్నవాళ్లు రోషానికి పోయి ఒక్కసారిగా ఆపకండి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి లేనివి కనిపించవచ్చు, ప్రాణాల మీదకి కూడా వస్తుంది. డాక్టర్లు మందులతో, బీ1 విటమిన్‌తో మెల్లగా బయటికి తెస్తారు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రిలో వ్యసనాలకు ప్రత్యేక విభాగమే ఉంది, పిచ్చాసుపత్రి అని మొహం తిప్పుకోకండి, నేనూ అలా ఒక ఏడాది పోగొట్టుకున్నా. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416, ఫ్రీ, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. గంజాయి, మాత్రల సంగతైతే 14446.

తమ్ముడికి ఇదంతా చెప్పా. తల దించుకుని విన్నాడు. కాసేపాగి, "అన్నా, సీసా చప్పుడు కాకుండా నేను టవల్‌లో చుడతా" అన్నాడు.