వృత్తి: కువైట్‌లో ఇంటి పని

(2024 డిసెంబరు 29, ఆదివారం సాయంత్రం తిరుపతిలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, మిత్రులకు, వెనక వరసల్లో కూర్చున్న నా పాత విద్యార్థులకు నమస్కారం.

ఏడాది చివర ఎవరో ఒకరిని నిలబెట్టి, ఈ సంవత్సరం ఎలా గడిచిందో చెప్పమనడం మన సభకు ఆనవాయితీ. ఈసారి వంతు నాది. నేను సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్ని. పుస్తకంలో దేశాల సంగతులు ఒక పక్క, ఇంటి సంగతులు మరో పక్క ఉంటాయి. ఈ ఏడాది నాకు ఆ రెండూ విడివిడిగా రాలేదు. అందుకే కలిపి చెబుతాను.

మూడు రోజుల కిందట మన్మోహన్ సింగ్ గారు కన్నుమూశారు. నిన్న ఢిల్లీలో అంత్యక్రియలు జరిగాయి. టీవీల్లో అందరూ 1991 బడ్జెట్ గురించే మాట్లాడుతున్నారు. రాయలసీమ వాళ్లం గుర్తు చేసుకోవలసిన తేదీ మరొకటి ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఆయన ప్రధానిగా అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లికి వచ్చి ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆ పథకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ. తట్ట మోసిన మనిషి పేరు, ఆమె పనికి వచ్చిన రోజులు, ఆమెకు రావలసిన కూలి ప్రభుత్వ కాగితం మీదకు ఎక్కాయి. వలస ఆగిందా అంటే, ఆగలేదు. మా వైపు నుంచి బెంగళూరు బస్సులు అప్పుడూ నిండేవి, ఇప్పుడూ నిండుతున్నాయి. కువైట్ విమానాలూ అంతే. అయినా, పని చేసిన మనిషి పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలన్న ఆ పట్టింపు గొప్పది. ఈ సాయంత్రం నా మాటలన్నీ ఆ పట్టింపు చుట్టూనే తిరుగుతాయి.

ఆగస్టులో మా అక్క చనిపోయింది. కిడ్నీల జబ్బు. నన్ను చదివించింది అక్కే. నా బీఈడీ ఫీజు ఆమె పంపిన దినార్లే.

మాది పీలేరు వైపు పల్లె. 2022లో జిల్లాలు విడిపోయాక అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది కానీ, మేము పుట్టి పెరిగింది చిత్తూరు జిల్లా మనుషులుగానే. వరసగా వేరుశనగ ఎండిపోయి, బోర్లకు తెచ్చిన అప్పు వడ్డీతో కొండలా పెరిగిన కాలంలో అక్క ఇద్దరు పిల్లలనూ అమ్మకు అప్పగించి కువైట్ వెళ్లింది. అప్పటికి అక్కడ యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు మనవాళ్లు కట్టుబట్టలతో ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి సుమారు 1,70,000 మంది భారతీయులను ఎయిర్ ఇండియా వెనక్కు తెచ్చింది. మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ వారిలో ఉన్నారు. అలా ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లే యుద్ధం ముగియగానే మళ్లీ పాస్‌పోర్టులు వెతుక్కున్నారు. అక్కడి యుద్ధం కన్నా ఇక్కడి అప్పు వాళ్లను ఎక్కువగా భయపెట్టింది.

అక్క చేసిన పని ఏమిటో చెప్పనివ్వండి, ఎందుకంటే దాన్ని ఎవరూ వివరంగా చెప్పరు. మూడంతస్తుల ఇల్లు. ఎడారి గాలి లేచి దుమ్ము కమ్మిన రోజు పొద్దున తుడిచిన గదులన్నీ సాయంత్రం మళ్లీ తుడవాలి. రంజాన్ నెలలో వంట రాత్రంతా సాగేది. ఆ ఇంటి పిల్లలను స్నానం నుంచి నిద్ర దాకా చూసుకునేది అక్కే. తరువాత ఆ ఇంటి పెద్దావిడ మంచం పట్టింది. పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, గొంతుకు అడ్డం పడకుండా అన్నం తినిపించడం, చక్కెర ఎప్పుడు పడిపోతుందో ముఖం చూసి పోల్చుకోవడం అక్క నేర్చుకుంది. ఏ ఆసుపత్రిలోనైనా ఇది నర్సు పని. ఆమె అరబ్బీ మాట్లాడేది, రాయడం మాత్రం రాదు. మా అమ్మ చనిపోయినప్పుడు అక్క రాలేకపోయింది. పాస్‌పోర్టు ఇంటి యజమాని బీరువాలో ఉంది. అకామా అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి. అదీ కఫీల్ చేతిలోనే, అంటే పనికి పిలిపించుకున్న యజమాని చేతిలోనే ఉంటుంది. ఆయన సరే అంటేనే ప్రయాణం.

ఆగస్టులో మరణ నమోదు కాగితం నింపుతున్నాం. అందులో చనిపోయిన వ్యక్తి వృత్తి రాయవలసిన గడి ఉంది. ఇంట్లోవాళ్లు అలవాటుగా ‘గృహిణి’ అన్నారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నాకు మాత్రం అక్క రెండోసారి పోయినట్టనిపించింది. దాన్ని కొట్టివేయించి ‘ఇంటి పని కార్మికురాలు, కువైట్’ అని రాయించాను. బంధువుల్లో కొందరికి అది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మీకు తెలుసు. కువైట్ డబ్బుతో కట్టిన మేడను చూసి ఊరు ముచ్చటపడుతుంది. ఆ డబ్బు సంపాదించి వచ్చిన ఆడమనిషిని మాత్రం అనుమానంగా చూస్తుంది. మగవాడు దుబాయ్ వెళ్లి వస్తే కష్టపడ్డాడంటారు, ఆమె వెళ్లి వస్తే గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఈ చూపు అన్యాయమైనది. ఆ భయంతోనే మన ఇళ్లలో ఆడవాళ్ల కష్టాన్ని దాచేశాం. మేడ గోడ మీద ఇంటి పేరు చెక్కించాం, ఆమె పనికి మాత్రం పేరు లేకుండా చేశాం.

జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం అంటుకుంది. కింది అంతస్తులో షార్ట్ సర్క్యూట్ అన్నారు. పైన నిద్రలో ఉన్నవాళ్లలో ఎక్కువ మంది పొగకు ఊపిరాడక పోయారు. మృతుల్లో 45 మంది భారతీయులు, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. వాయుసేన విమానం శవపేటికలను తీసుకుని కొచ్చి వచ్చింది. ఆ వారం మా అక్క డయాలిసిస్ మంచం మీద నుంచే టీవీ చూసింది. ఒక్కొక్క పేరూ చదివించుకుంది. ఒక గదిలో ఎన్ని మంచాలు వేస్తారో, మెట్ల దగ్గర ఏయే సామాన్లు పేరుస్తారో నాకు చెప్పింది. తెలిసినవాళ్లు ఎవరూ లేకపోయినా ఏడ్చింది.

పోయిన వారం ప్రధాని నరేంద్ర మోదీ కువైట్ వెళ్లారు. 1981లో ఇందిరా గాంధీ వెళ్లిన తరువాత భారత ప్రధాని అక్కడికి వెళ్లడం ఇదే మొదటిసారి. ఆయన కార్మికుల శిబిరానికీ వెళ్లారు. అది మంచి పని. అక్కడ మనవాళ్లు సుమారు 10 లక్షల మంది, ఆ దేశ జనాభాలో ఐదో వంతు. ఈ ఏడాది విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన డబ్బు 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా, ప్రపంచంలో అదే అత్యధికం. డబ్బు లెక్క బాగానే తెలుసు. పంపినవాళ్ల వయసు, వాళ్లు చూడకుండా పెరిగిన పిల్లలు, పాడైన నడుములు, కిడ్నీలు ఆ అంకెలోకి రావు.

అక్కడ చట్టం లేదని మనం అనుకుంటాం. ఉంది. ఇంటి పనివాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు, ఏడాదికి జీతంతో 30 రోజులు సెలవు. పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు, నేటి ధరకు సుమారు 16,500 రూపాయలు. ఆచరణ వేరు సంగతి, కానీ తెలియని హక్కును ఎవరు అడుగుతారు?

మన వైపూ నియమాలున్నాయి. పదో తరగతి పాసు కానివాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. ఇంటి పనికి వెళ్లే మహిళలకు 30 ఏళ్లు నిండి ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు వస్తాయి. ఏజెంటు విజిట్ వీసా మీద ఎక్కించాడంటే ఈ మూడూ పోతాయి. ఆమె వెళ్లినట్టు ఏ నమోదులోనూ ఉండదు. ఈ ఏడాది మార్చి 17 నుంచి జూన్ ఆఖరు దాకా కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, అకామా లేక దాక్కుని పనిచేసినవాళ్లు ఎందరో బయటికి వచ్చారు. అలా మా ఊరికి వచ్చిన ఒకామె చేతిలో ఏ కాగితమూ లేదు, కట్టుకున్న చీర తప్ప.

డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మా బడికీ చాలామంది వచ్చారు, బడి పండగలా ఉంది. నా తరగతిలో కొందరు పిల్లల కోసం అమ్మమ్మలు వచ్చారు. తల్లి వివరాల దగ్గర ఒక అమ్మాయి తలవంచుకుని ‘కువైట్’ అంది. గట్టిగా చెప్పమన్నాను. మా అక్కా అక్కడే పనిచేసిందని, నేను ఆ డబ్బుతోనే టీచర్నయ్యానని తరగతి మొత్తానికీ చెప్పాను. అలా చెప్పడం నాకు అదే మొదటిసారి. మరో ఇద్దరు పిల్లలు లేచి వాళ్ల అమ్మల సంగతి చెప్పారు. ఈ ఏడాది నేను చెప్పిన పాఠాల్లో అది అన్నిటికన్నా బాగా సాగింది.

ఇక ప్రపంచం సంగతి. ఈ నెల 10న ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతిని జపాన్ అణుబాంబు బాధితుల సంఘం నిహోన్ హిదాంక్యో తరఫున అందుకుని, 92 ఏళ్ల తెరుమి తనాకా గారు మాట్లాడారు. నాగసాకి మీద బాంబు పడినప్పుడు ఆయనకు 13 ఏళ్లు. కుటుంబంలో ఐదుగురిని పోగొట్టుకున్నారు. చనిపోయినవాళ్లకు జపాన్ ప్రభుత్వం ఎలాంటి పరిహారమూ ఇవ్వలేదని చెప్పి, రాసుకొచ్చిన ప్రసంగంలో లేకపోయినా ఆ మాటే మరోసారి అన్నారు. బతికినవాళ్లకు చికిత్స, భృతి పోరాడి సాధించుకున్నారు. చనిపోయినవాళ్ల పట్ల జరిగిన అన్యాయాన్ని ఒప్పుకోవాలన్నది దాదాపు ఎనభై ఏళ్ల తరువాత కూడా ఆయన కోరిక. ఆ మాట విన్నప్పుడు నాకు మరణ నమోదు కాగితంలోని గడి గుర్తుకొచ్చింది.

గాజాలో మృతులు 45,000 దాటారని అక్కడి ఆరోగ్య శాఖ చెబుతోంది. ఆ శాఖ పేర్లతో, వయసులతో ప్రచురించిన జాబితాలో మొదటి పుటలన్నీ ఏడాది నిండని పసివాళ్లవే. అంతకుముందు, 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో చంపబడిన సుమారు 1,200 మందికీ పేర్లున్నాయి, వాళ్లను తలచుకుని ఏడ్చే ఇళ్లున్నాయి. సిరియాలో ఈ నెల 8న అధ్యక్షుడు అసద్ పారిపోగానే జనం సైద్నాయా జైలుకు పరుగెత్తారు. నేల మీద చెల్లాచెదురుగా పడిన కాగితాల్లో తమవాళ్ల పేర్లు వెతికారు. మనకు మరింత దగ్గరి సంగతి ఒకటుంది. సహాయకుడి ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడు ఒకరు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయినట్టు మార్చిలో తెలిసింది. పీలేరు ఏజెంటు చెప్పే అబద్ధం, మాస్కో ఏజెంటు చెప్పే అబద్ధం ఒకే బడిలో చదివాయి. యుద్ధ వార్త రాగానే ఎవరిది గెలుపు అని అడిగే పిల్లలకు, అక్కడ పనికి వెళ్లిన మనవాళ్లు ఎవరు అని అడగడం నేర్పాలనుకుంటున్నాను.

సంతోషాలూ ఉన్నాయి. చెన్నై తెలుగింటి కుర్రవాడు గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ చదరంగ విజేత అయ్యాడు. రేపు రాత్రి మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ60 రెండు ఉపగ్రహాలను మోసుకెళ్తుంది. అంతరిక్షంలో ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి కలపాలన్నది ప్రయత్నం. మబ్బు లేకపోతే డాబాల మీదకు ఎక్కి చూడండి, పిల్లలను నిద్రపోనివ్వకండి.

మా అక్క కూతురు డీఎస్సీకి చదువుతోంది. జూన్‌లో ప్రకటించిన 16,347 పోస్టుల నోటిఫికేషన్ కోసం వేల మందితో పాటు ఎదురుచూస్తోంది. ఆ అమ్మాయికి ఉద్యోగం రావాలి. అది మా ఇంటి కోరిక. మీ అందరినీ కోరేది మరొకటి. సంక్రాంతి సెలవుల తరువాత, గల్ఫ్ వెళ్లబోయేవాళ్ల ఒప్పంద పత్రాలు చదివి తెలుగులో వివరించే పని మా బడిలో శనివారం సాయంత్రాలు మొదలుపెడుతున్నాను. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో చూసి చెబుతాం, బీమా కట్టిస్తాం, పాస్‌పోర్టు నకళ్లు తీయించి ఇంట్లో ఒకటి, తనతో ఒకటి ఉంచుకోమంటాం. అరబ్బీ చదవగలిగినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు, కంప్యూటర్ పని వచ్చిన కుర్రవాళ్లు కావాలి. తిరిగి వచ్చిన అక్కచెల్లెళ్లు వచ్చి కూర్చుంటే ఇంకా మేలు.

ఈ సభలోనూ కువైట్, సౌదీ, దుబాయ్ వెళ్లి వచ్చినవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. ఇప్పుడు ప్రశ్నలకు సమయం అంటున్నారు అధ్యక్షులవారు. నన్ను అడిగే ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. దయచేసి మైకు వెనక వరసల్లోని ఆడవాళ్ల వైపు పంపించండి.