కుడి గది పెద్దదైంది, మరి కారణం?

హనుమకొండకు వచ్చిన డాక్టర్ మిత్రులకు, ఎకో టెక్నీషియన్లకు నమస్కారం.

గుండె స్కాన్ అయిన ఎకో రిపోర్టులో 'కుడి జఠరిక కొద్దిగా పెద్దదైంది' అని రాసి ఉంటుంది, అంటే గుండెలో కుడివైపు కింది గది. ఎందుకన్నది ఉండదు. పేషెంటు ఆ కాగితం పట్టుకుని టెన్షన్‌తో నలుగురు డాక్టర్ల దగ్గరికి తిరుగుతారు.

మన దగ్గర ముందుగా అనుమానించేది రుమాటిక్ జ్వరంతో ఇరుకైన మైట్రల్ కవాటాన్ని (గుండె ఎడమ గదుల మధ్య తలుపు), తర్వాత బీడీ పొగకో గనుల దుమ్ముకో చెడిన ఊపిరితిత్తులను. అది సరైనదే. ఇవి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ పెంచుతాయి. ప్రెషర్ మామూలుగానే ఉండి గది సాగిందంటే మాత్రం అక్కడికి రక్తం ఎక్కువగా వస్తోందేమో చూడాలి. ఎకోలో రెండు జఠరికల మధ్య గోడను గమనించండి. ప్రెషర్ భారమైతే గుండె ముడుచుకున్నప్పుడు చదునవుతుంది, రక్తం భారమైతే విప్పారినప్పుడు. కుడి గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటం లీకు కనబడగానే కారణం దొరికిందనుకోవద్దు. గది సాగినందుకే కవాటం లీకవుతూ ఉండొచ్చు.

అలా రక్తం ఎక్కువ రావడానికి ఒక కారణం, గుండె పై గదులైన కర్ణికల మధ్య గోడలో రంధ్రం. ఆ గోడ నడుమ ఉండే రంధ్రం మామూలు ఎకోలో చాలావరకు దొరుకుతుంది. తప్పించుకునేది సైనస్ వీనోసస్ రంధ్రం. ఎక్కువగా ఒంటి పైభాగం నుంచి రక్తం తెచ్చే పై మహాసిర గుండెలో కలిసే చోట ఉంటుంది. పెద్దవాళ్లలో ఛాతీ మీద నుంచి చూస్తే ఆ మూల సరిగా కనబడదు. తరచూ దానితోపాటు కుడి ఊపిరితిత్తి సిర ఒకటి ఎడమ కర్ణికకు వెళ్లకుండా ఆ మహాసిరలోనే కలుస్తుంది. శుద్ధి అయిన రక్తమే మళ్లీ శుద్ధికి వెళ్తుందన్నమాట.

రంధ్రం లేకుండా సిర ఒక్కటే దారి తప్పితే సిరలోకి బుడగల సెలైన్ ఎక్కించి ఎకోలో చూసే బబుల్ టెస్ట్ కూడా నార్మల్ రావచ్చు. కాబట్టి అక్కడితో ఫైలు మూసేయకండి. అన్నవాహికలోంచి చేసే ఎకో, సీటీ, ఎంఆర్ఐ ఉన్నాయి. ఊపిరితిత్తులకు వెళ్లే రక్తం ఒంటికి వెళ్లేదానికి ఎన్ని రెట్లో ఎంఆర్ఐ కొలుస్తుంది. 1.5 రెట్లు, అంతకు మించితే మరమ్మతు గురించి ఆలోచిస్తారు. సైనస్ వీనోసస్ రంధ్రానికి రక్తనాళం గుండా పెట్టి మూసే మామూలు బటన్ పనికిరాదు, ఎక్కువమందికి ఆపరేషనే.

ఇన్ని మెషిన్ల కంటే ముందు స్టెతస్కోప్ ఉంది. గుండె రెండో శబ్దం రెండుగా చీలి, ఊపిరి పీల్చినా వదిలినా ఆ ఎడం మారకపోతే కర్ణికల మధ్య రంధ్రాన్ని అనుమానించాలి. ఫ్యాన్ ఆపించి వినండి, పైసా ఖర్చు లేదు.

ఏళ్ల తరబడి పరుగు సాధన చేసినవాళ్లలో నాలుగు గదులూ కలిసి పెరగొచ్చు. కుడివైపు ఒక్కటే పెరిగితే వ్యాయామం ఖాతాలో వేయకండి. ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయినవాళ్లున్నారా అని తప్పకుండా అడగండి, వంశంలో వచ్చే గుండె కండరం జబ్బు కావచ్చు.

పేషెంటును పెద్దాసుపత్రికి పంపేటప్పుడు చీటీలో 'నాలుగు ఊపిరితిత్తుల సిరలూ ఎక్కడ కలుస్తున్నాయో చూడగలరు' అని ఒక లైను రాయండి. ఇప్పుడు ఎకో క్లిప్ వేస్తున్నాను, ఆ మూల ఎవరు ముందు పట్టుకుంటారో చూద్దాం.