మా మిద్దె మీద యాలక్కాయ మొక్క: తిరుపతి డిసెంబర్ వ్లాగ్

అందరికీ నమస్కారం. ఈ స్టీలు గిన్నెలో కనిపిస్తున్నవి బొప్పాయి గింజలు కావు, యాలక్కాయ గింజలు. ఇంకా ఎండబెట్టనివి. ఇంత దగ్గరగా చూపించడానికి ఫోన్ పది నిమిషాలు సతాయించింది, కాబట్టి దయచేసి స్కిప్ చేయకండి.

పోయిన ఏడాది స్టాక్‌హోంలో మా ఇంటి కిటికీ దగ్గరున్న యాలక్కాయ మొక్కను ఊరికే ఒక నిమిషం చూపించా. దానికి వచ్చినన్ని వ్యూస్, నేను చలిలో వణుకుతూ తీసిన రాజభవనం వీడియోకు రాలేదు. మా చిన్నత్త ఫ్యామిలీ గ్రూపులో "ఆ చెట్టు ఎట్లా పెంచినావో చెప్పు, మిగతావన్నీ మాకెందుకు" అని మెసేజ్ పెట్టింది. ఆ వీడియోకు వచ్చిన డబ్బుతో అక్కడ ఒక బన్ను కూడా రాదు, అది వేరే సంగతి. ఈసారి డిసెంబర్ సెలవులకు తిరుపతి వచ్చా కదా, కొర్లగుంటలో మా అమ్మవాళ్ళ మిద్దె మీదే గింజ నుంచి మొదలుపెడదామనుకున్నా.

బన్ను అన్నాను కాబట్టి ఆ కథ చెప్పకుండా ముందుకు పోలేను. స్వీడన్‌లో ఫీకా అని ఒకటుంది. పని మధ్యలో అందరూ లేచి, కాఫీ, ఒక తీపి బన్ను ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఆఫీసులో పని ఆలస్యమైనా ఊరుకుంటారు గానీ ఫీకాకు రాకపోతే ఏమైందని అడుగుతారు. ఆ బన్నులో వేసేది యాలకులు! కార్దెముమ్మ బుల్లె అంటారు. నేను వెళ్ళిన మొదటి వారం ఒక బేకరీ ముందు నుంచి నడుస్తుంటే అచ్చం ఓళిగలు కాలుస్తున్న వాసన. బయట మైనస్ ఎనిమిది డిగ్రీలు. ఉగాది నాడు మా అవ్వ పక్కన పొయ్యి దగ్గర నిలబడ్డట్టు ఆ రోడ్డు మీద నిలబడిపోయా. కళ్ళలో నీళ్ళు చలికే వచ్చాయని మా ఆయనతో చెప్పా.

లోపలికి వెళ్ళి ధర చూశాక ఆ నీళ్ళు ఆగిపోయాయి. 45 క్రోనాలు. క్రోనా తొమ్మిది రూపాయలనుకున్నా 405. ఆ డబ్బుతో లీలామహల్ సర్కిల్ దగ్గర నలుగురం టిఫిన్ తినేసి, కాఫీలు తాగి, ఆటోలో ఇంటికి రావచ్చు. పోనీ అంత పెట్టి కొన్నాం కదా, యాలకులు మనలాగా చక్కెర వేసి మెత్తగా పొడి కొడతారా అంటే అదీ లేదు. పలుకులు పలుకులుగా దంచి వేస్తారు, పంటికింద పడుతూనే ఉంటాయి. అక్కడ తొక్క తీసేసిన గింజలనే చిన్న సీసాల్లో అమ్ముతారు. తొక్కలు ఏం చేస్తారు, టీలో వేస్తారా అని ఆఫీసులో ఒకామెను అడిగితే "ఏ తొక్క?" అంది. చిన్నప్పటి నుంచి ఆ బన్నులు తింటోంది, యాలక్కాయను కాయగా ఎప్పుడూ చూడలేదట. మర్నాడు నాలుగు కాయలు తీసుకెళ్ళి, ఒలిచి చూపించి, మా ఊరు, మా కొండ, మా లడ్డు అని అరగంట క్లాసు తీసుకున్నా. ఆ సాయంత్రమే సూపర్ మార్కెట్లో సీసా వెనక్కి తిప్పి చూస్తే గ్వాటెమాలా అని ఉంది. యాలక్కాయ పుట్టిల్లు మన పడమటి కనుమలే గానీ, గత శతాబ్దం మొదట్లో ఓ జర్మన్ కాఫీ తోటల యజమాని దాన్ని మధ్య అమెరికాలోని ఆ దేశంలో వేశాడు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ ఎగుమతి చేసేది వాళ్ళే. క్లాసులో ఈ ముక్క చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

సరే, మొక్క. స్టాక్‌హోంలో మొదట ఇండియన్ షాపు కాయల గింజలే నాటా. మూడు నెలలు ఒక్కటీ మొలవలేదు. మొలవదు కూడా. అమ్మకానికి పూర్తిగా పండకముందే కోసి, ఆకుపచ్చ రంగు పోకుండా గదుల్లో 50 డిగ్రీల దాకా వేడిపెట్టి ఆరబెడతారు. ఆ వేడి తర్వాత నెలల తరబడి డబ్బాలో ఉన్న గింజలో ప్రాణం మిగలడం అరుదు. తర్వాత అక్కడే విత్తనాల ప్యాకెట్ కొంటే రెండు మొలిచాయి, ఒకటి జనవరి చీకటికి పోయింది. మిగిలినదానికి లైటు 400 క్రోనాలు, గాలిలో తేమకు చిన్న మెషీను 500, కొబ్బరి పొట్టు 60. అంటే 8,640 రూపాయలు. ఆ కొబ్బరి పొట్టు మీద శ్రీలంక అని రాసుంది. మూడేళ్ళకు మొక్క నా నడుము దాకా వచ్చింది. పువ్వు లేదు, కాయ లేదు.

ఈ లెక్క చెబితే మా అమ్మ "ఎనిమిది వేలకు అంగట్లో ఎన్ని యాలక్కాయలు వస్తాయే! నీ మనవరాళ్ళ సీమంతాల దాకా వస్తాయి" అంది.

గిన్నెలో ఉన్నవి మా మామ తెచ్చినవి. మాల వేసుకుని శబరిమల వెళ్ళినప్పుడు, వచ్చే దారిలో, కేరళలో యాలక్కాయ తోటలుండే కుమిళిలో ఆగమన్నా. అందరూ కొనే ఆకుపచ్చ కాయలు కాదు మామా, చెట్టు మీదే పండి పసుపు తిరిగినవి కావాలి అని ఫొటో కూడా పంపా. "దర్శనం క్యూలో నిలబడినదానికంటే నీ పండుకాయల కోసం తిరిగిందే ఎక్కువ పాపా" అన్నాడు పాపం. పన్నెండు కాయలు. చూడండి, గోరుతో ఒత్తితే చాలు విచ్చుకుంటోంది. లోపల మూడు అరలు, గింజల చుట్టూ తెల్లటి జిగురు. నాకి చూశా, తియ్యగా ఉంది. ఆ జిగురు పోయేదాకా కడిగి, బూడిదలో రుద్ది, నీడలో ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా నాటాలి. ఎండబెట్టి దాచుకుంటే మొలిచే శక్తి తొందరగా పోతుంది.

ఆ బూడిద దగ్గరే రోజంతా పోయింది. మా వీధిలో అందరివీ గ్యాస్ పొయ్యిలే. వెనక వీధిలో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచే ఆమె ఉంది, కానీ ఇంటికి తాళం. కొండకు పోయిందట. నాయన "విభూతి ఉంది కదా" అన్నాడు, అమ్మ చూసిన చూపు వీడియోలో పెట్టలేను. టిఫిన్ బండ్లకూ గ్యాసే. మధ్యలో పెద్దమ్మ ఎదురైంది. ఇంటికి లాక్కుపోయి, కాఫీ ఇచ్చి, మనవడి పెళ్ళి ఆల్బం రెండు భాగాలూ చూపించింది. బయటికొచ్చేసరికి నాలుగు. చివరికి ఇస్త్రీ బండి కనిపించింది. బొగ్గుల పెట్టె! కాయితంలో పొట్లం కట్టి ఇస్తూ "స్వీడన్లో బూడిద దొరకదా మేడం?" అన్నాడు. ఆయనకు నేను స్వీడన్ అని ఎలా తెలుసంటారా? అది తిరుపతి.

మొత్తం 190 గింజలు. రాత్రంతా నానబెట్టి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పేడ ఎరువు కలిపిన ట్రేలో అర సెంటీమీటరు లోతున వేశాం. పైన వరిగడ్డి కప్పి రోజూ తడి చేయాలి. మొలకకు నెల పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇక్కడ కాయలు కాస్తాయా అంటే నాకు నమ్మకం లేదండీ. ఇది 600 మీటర్ల పైన, చెట్ల నీడలో, ఏడాదికి 1,500 మిల్లీమీటర్లకు తగ్గని వానలో పెరిగే జాతి. మన మే నెల 42 డిగ్రీలకు మనుషులే వాడిపోతారు. "తిరుమల 850 మీటర్లు ఉంది కదా, కొండ మీద వేద్దాం" అన్నాడు మామ. ఎత్తు సరిపోతుంది మామా, వాన ఎవరు తెస్తారు? ఎండలు ముదిరేలోపు ట్రేను మిద్దె దించి, అరటి చెట్టు పక్కన నీళ్ళు పారేచోట పెట్టమని అమ్మకు చెప్పా. ఆకులొచ్చినా చాలు.

సంక్రాంతికి వారం ముందే నా సెలవులైపోయాయి. అప్పటికి ట్రేలో గడ్డి తప్ప ఏమీ లేదు. నాటే విత్తనాలు యూరప్‌లోకి తేవాలంటే మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి, కాబట్టి ఒక్క గింజ కూడా తెచ్చుకోలేదు.

ఇక్కడి నుంచి స్టాక్‌హోంలో రికార్డు చేస్తున్నా. జనవరి నెలాఖరు, మధ్యాహ్నం నాలుగుకే బయట చీకటి పడుతోంది. అమ్మ వీడియో కాల్ చేసింది. "నీ గింజలు మొలవలేదు గానీ, గరిక మాత్రం బాగా మొలుస్తాంది. రోజూ పీకేస్తాండా." ఒకటి పీకి చూపించమన్నా. ఫోన్ మొదట చెవిని, తర్వాత ఆకాశాన్ని చూపించి చివరికి అమ్మ వేళ్ళ దగ్గరికి వచ్చింది. చుట్టుకున్న లేత ఆకు, సన్నగా, ఈనె పుల్లలా. కింద తెల్లటి వేరు. వేరు మొదట్లో అతుక్కుని ముడతల ముడతల నల్లటి గింజ.

"అమ్మా, ఎన్ని పీకావు?"

"ఐదో ఆరో." కాసేపు మాట్లాడలేదు. ఆకును వేళ్ళతో నలిపి వాసన చూసింది. "అవునే. యాలక్కాయే."

ట్రేలో లెక్కపెడితే ఇంకా పదకొండు ఉన్నాయి. వెనక నుంచి నాయన గొంతు: "ఇంత వాసన వచ్చేదాన్ని వారం నుంచి పీకి పారేస్తాండావా?"

అమ్మ ఫోన్ పెట్టేసింది.