కెమెరాలు సరే, మనిషి ఎంతసేపట్లో వస్తాడు?

యాంకర్: నమస్కారం. ఇవాళ్టి చర్చ భవనాల భద్రత మీద. మేడమ్, ఫెసిలిటీ మేనేజర్‌గా మీరు చెప్పండి. మీ బిల్డింగ్ ఎంత భద్రం అని అడిగితే జవాబేంటి?

ఫెసిలిటీ మేనేజర్: ఇన్ని కెమెరాలు, ఇంతమంది గార్డులు అని లెక్క చెబుతామండీ. పైవాళ్లు అడిగేదీ అదే.

సెక్యూరిటీ ఆడిటర్: నేనైతే టైమ్ అడుగుతాను. ఎవరో చొరబడ్డారని మీకు ఎప్పుడు తెలుస్తుంది? తెలిశాక మీవాళ్లు చేరడానికి ఎంతసేపు? ఆలోగా తలుపు ఆగుతుందా? గార్డుకి 4 నిమిషాలు పట్టి, తలుపు 1 నిమిషంలో ఊడితే, వచ్చి చూసేది ఖాళీ గదినే. అలారం మోగకముందు తలుపు ఎంతసేపు నిలబడ్డా లాభం లేదు, అప్పటికి ఎవరూ బయల్దేరలేదు కదా.

యాంకర్: పెద్ద సంస్థల్లోనూ ఇలాగే జరుగుతుందా?

ఆడిటర్: పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం, 2025 అక్టోబరు 19. పట్టపగలు, లోపల జనం ఉండగానే ట్రక్కు మీది లిఫ్టుతో బాల్కనీ ఎక్కారు, కిటికీ కోశారు, నగలు పట్టుకెళ్లారు. మొత్తం 8 నిమిషాల్లోపే! అలారాలు మోగాయి. బయట ఆ వైపున్న ఒక్క కెమెరా బాల్కనీ వైపు తిరిగి లేదని డైరెక్టరే సెనేట్‌లో చెప్పారు.

మేనేజర్: అంటే కెమెరాలు దండగంటారా?

ఆడిటర్: అనను. ఏం చూడాలో ముందు తేల్చుకోమంటాను. నిఘా కెమెరాలకి ఐఈసీ 62676-4 అని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం, ఎవరో ఉన్నారని పసిగట్టడానికి, కెమెరా చూసే చోట ఒక్కో మీటరు వెడల్పుకి బొమ్మలో 25 పిక్సెళ్లు, అంటే చుక్కలు, చాలు. ఫలానా మనిషేనని తేల్చాలంటే 250 కావాలి. గేటు పైన అంతెత్తున వైడ్ లెన్స్ బిగిస్తే మీకు దొరికేది దొంగ నడినెత్తి. (నవ్వులు)

మేనేజర్: మాకు అసలు తలనొప్పి తలుపు తెరిచే ఎంట్రీ కార్డులతోనండీ. ఒకరు చూపిస్తే వెనకాల ముగ్గురు దూరిపోతారు. ఆపితే మొహం మాడ్చుకుంటారు.

ఆడిటర్: అక్కడ టర్న్‌స్టైల్, అంటే ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటు పెట్టండి, మొహమాటం పడాల్సిన పని గార్డుకి తప్పుతుంది. మీవి 125 కిలోహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీతో పనిచేసే పాతరకం కార్డులైతే వెంటనే మార్చండి. వాటికి నకలు తీయడం చాలా తేలిక. ఇక వెనక తలుపు... సిగరెట్ బ్రేక్ కోసం ఇటుక అడ్డం పెట్టేది. దాన్ని మూసేయాలి.

ఫైర్ సేఫ్టీ ఇంజనీర్: అక్కడ నన్ను మాట్లాడనివ్వండి. మూసేయమనగానే కొందరు దానికి గొలుసేసి తాళం వేస్తారు. 1911లో న్యూయార్క్‌లో ట్రయాంగిల్ ఫ్యాక్టరీ తగలబడినప్పుడు మెట్ల వైపు తలుపుకి తాళం ఉంది, 146 మంది పోయారు. బయటి నుంచి తెరుచుకోకపోయినా పర్లేదు, లోపలి నుంచి తోస్తే మాత్రం తెరుచుకోవాల్సిందే.

ఆడిటర్: ఒప్పుకుంటాను. తోస్తే తెరుచుకునే బార్ పెట్టి, దానికి అలారం కలపండి. తాళం అవసరం ఉండదు.

యాంకర్: బడ్జెట్ లేనివాళ్లు ఎక్కడ మొదలెట్టాలి?

ఆడిటర్: రాత్రిపూట భవనం చుట్టూ నడవండి. ఆరిపోయిన లైట్లు, కిటికీల దాకా పెరిగిన పొదలు, బయటివైపు ఉన్న తలుపు బందులు కనిపిస్తాయి. మానేసినవాళ్ల కార్డులు రద్దు చేయండి. తర్వాత ఒక అలారం మోగించి, స్టాప్‌వాచ్ నొక్కండి.

మేనేజర్: గార్డులకి ముందే చెప్పాలా?

ఆడిటర్: షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కీ, అలారం వెళ్లే కంట్రోల్ రూమ్‌కీ చెప్పండి. మిగతావాళ్లకి వద్దు.

మేనేజర్: అయితే ఈ వారమే పెడతాను. ఏ రోజో ఇక్కడ చెప్పను, మావాళ్లు చూస్తుంటారు.