జూలై ఒకటో తేదీ, ఒక కబడ్డీ ఆటగాడు

వేదికనలంకరించిన పెద్దలకు, కళాశాలల ప్రిన్సిపాళ్లకు, నా తోటి ఫిజికల్ డైరెక్టర్లకు, మైదానం నుంచి నేరుగా వచ్చి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. జాతీయ క్రీడా దినోత్సవం నాడు ధ్యాన్‌చంద్ గారిని తలచుకోవడం మన ఆనవాయితీ. ఆ మహానుభావునికి నమస్కరించి, నాకిచ్చిన సమయమంతా ఒకే ఒక్క నిబంధనకు వినియోగిస్తాను.

అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడే విద్యార్థికి జూలై 1 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి, 25 దాటకూడదు. ఈ పరిమితి ఎందుకో నాకు తెలుసు. ఏడాది డిప్లొమాలో పేరు రాయించుకుని, తరగతి గది ఏ అంతస్తులో ఉందో కూడా తెలియకుండా, పతకం కోసమే వచ్చే ఆరితేరిన ఆటగాళ్లను చూశాను. వారి పట్టులో పద్దెనిమిదేళ్ల పిల్లవాడి మోకాలు పోవడమూ చూశాను. కాబట్టి పరిమితిని ఎత్తేయమని అడగడం లేదు. ఏ కాగితం చూసి, ఏ కాలాన్ని కలిపి వయసు లెక్కిస్తున్నామన్నదే నా ప్రశ్న.

విశాఖ తీరంలోని మత్స్యకారుల పేట పెదజాలారిపేట నుంచి ఒక కుర్రవాడు మా కళాశాలకు వచ్చాడు. ఇంటర్ పూర్తయిన ఏడాదే తండ్రికి పక్షవాతం రావడంతో, ఫిషింగ్ హార్బర్‌లో మరబోటెక్కి నాలుగేళ్లు పనిచేసి, చెల్లెలి పెళ్లి చేసి, ఆ తర్వాత డిగ్రీలో చేరాడు. కూతకు వెళితే బోనస్ గీత తాకి, వెనక్కి తిరగకుండానే ఎవరు ఎటు కదిలారో చెప్పగలిగేవాడు. మూడో ఏడాది విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికయ్యాడు. పత్రాల పరిశీలన నాడు, పాలిథిన్ సంచీలోంచి మడతల దగ్గర చిరిగిన పదో తరగతి సర్టిఫికెట్ తీసి ఇచ్చాడు. అధికారి పుట్టిన తేదీ కింద వేలు పెట్టి నా వైపు తిప్పారు. జూన్ 1. ఒక్క నెల దాటింది.

వాళ్లమ్మ ఏమన్నదో వినండి: "నాగుల చవితి మర్నాడు పుట్టేడు బాబూ, పుట్టలో పాలు పోసొచ్చిన రాత్రే నొప్పులొచ్చేయి." అంటే కార్తీకం. బడిలో చేర్చుకోవడానికి అయిదేళ్లు నిండాలి కాబట్టి, మాస్టారు మంచి మనసుతోనే అయిదు నెలలు ముందుకు జరిపి జూన్ 1 అని రాసేశారు. మనలో ఎందరి సర్టిఫికెట్లలో జూన్ 1, జూలై 1 ఉన్నాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి! ఎక్స్‌రే తీయిస్తే సరి అనేవారున్నారు. మణికట్టు ఎముకల చివర్లు ఇరవై ఏళ్ల లోపే కలిసిపోతాయి. ఇరవై నాలుగుకూ ఇరవై అయిదుకూ తేడా ఆ ఫిల్ములో కనబడదు.

నిబంధన సడలదని మనకు చెబుతారు. కోవిడ్ వల్ల 2021లో జరగవలసిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగినప్పుడు, గరిష్ఠ వయసును 25 నుంచి 27కు పెంచారు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించి కాంస్యం తెచ్చింది ఆ క్రీడల్లోనే. అమెరికా కళాశాలల్లో చాలాకాలంగా గడియారం పుట్టుకతో కాక, కళాశాలలో చేరిన నాటి నుంచి మొదలవుతూ వచ్చింది: అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడనిచ్చేవారు. ఆరేళ్లు వృత్తిగా బేస్‌బాల్ ఆడి కళాశాలకు తిరిగొచ్చిన క్రిస్ వైంకీ 2000లో 28 ఏళ్ల వయసులో కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు. అంత దూరం మనం వెళ్లనక్కర్లేదు. కానీ లోకమంతటికీ పోయిన రెండేళ్లను లెక్కలోంచి తీసేయగలిగినప్పుడు, ఒక్క ఇంటికి వచ్చిన పక్షవాతం తినేసిన నాలుగేళ్లను ఎందుకు తీసేయలేం?

ప్రిన్సిపాళ్లకు చేతులు జోడించి అడుగుతున్నాను. మొదటి ఏడాది చేరిక నాడే ఫిజికల్ డైరెక్టరు ప్రతి ఆటగాడి తేదీని ఇంటివారితో సరిచూసి, తప్పుంటే దిద్దించే పని అప్పుడే మొదలుపెట్టాలి. మూడో ఏడాదికి అది అసాధ్యం. కుటుంబ కారణంతో చదువు ఆగినవారికి, రుజువు చూపితే రెండేళ్ల మినహాయింపు ఇవ్వాలని కోరుతూ ఒక అర్జీ తయారుచేశాను. అది ద్వారం పక్కన బల్ల మీద ఉంది. జట్టు రైలెక్కిన రాత్రి విశాఖ స్టేషన్‌లో మిగతా పిల్లల సంచులు మోసి బోగీలో పెట్టి, ఒక్కడే ప్లాట్‌ఫారం మీద నిలబడిన ఆ కుర్రవాడి పేరు అందులో రాయలేదు. సంతకానికి చోటు మాత్రం ఉంచాను.