ఆండ్రాయిడ్ ఉందంటారు, ఎన్నోదో చెప్పరు

శ్రోతలకు నమస్కారం.

పుస్తకాల పిచ్చి ఉన్న తెలుగువాళ్ళకు ఈ-రీడర్ల విషయంలో, అంటే పుస్తకాలు చదువుకోవడానికే చేసిన పరికరాల విషయంలో, ఒక పాత బాధ ఉంది. 2016లో అమెజాన్ తన ఈ-రీడర్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. మన తెలుగు రాలేదు. అందుకే మనలో కొందరం ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-రీడర్ల వైపు చూస్తుంటాం, తెలుగు పుస్తకాల యాప్ ఏది కావాలంటే అది వేసుకోవచ్చు కదా అని.

ప్రకటనలు సరిగ్గా ఆ ఆశనే పట్టుకుంటాయి. ప్లే స్టోర్ ఉంది, కావలసిన యాప్ వేసుకోండి అని పెద్ద అక్షరాలు. అది ఎన్నో ఆండ్రాయిడో మాత్రం ఎక్కడో అడుగున, చీమల బారులాంటి అక్షరాల్లో. పైన పటారం, లోన లొటారం.

ఒక ఉదాహరణ చెప్తాను. ఆనిక్స్ సంస్థ 2023లో బూక్స్ పామా అనే ఈ-రీడర్ తెచ్చింది. జేబులో పట్టేంత చిన్నది, ముచ్చటైనది. అందులో ఉన్నది ఆండ్రాయిడ్ 11. ఆ 11 పుట్టింది 2020 సెప్టెంబరులో. పామా వచ్చేనాటికి కొత్త ఫోన్లలో 13 నడుస్తోంది. 2024 మొదట్లో గూగుల్ 11కి భద్రతా అప్‌డేట్లు, అంటే దొంగలు చొరబడే కంతల్ని పూడ్చే మరమ్మతులు, ఆపేసింది. వస్తువు ఇంటికొచ్చి ఏడాది తిరగలేదు! సంస్థ ఆ అంకెను దాచలేదు లెండి, వివరాల్లో రాసింది. కానీ పాల ప్యాకెట్ మీద తేదీ చూసినట్టు ఆ అంకెను చూసేవాళ్ళం ఎంతమందిమి?

పాతది పెట్టడానికి కారణం లేకపోలేదు. వీటిలో ఉండే, కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెర ఫోను తెరలాంటిది కాదు. దాన్ని నడిపే ప్రోగ్రాములు ఆండ్రాయిడ్ మారినప్పుడల్లా మళ్ళీ సరిచేసుకోవాలి, చిప్ తయారుచేసినవాళ్ళూ సహకరించాలి. ఫోన్లతో పోలిస్తే అమ్ముడయ్యేవి కొన్నే. అందుకే పాతదాంతోనే సరిపెడతారు. అది తప్పని నేననను. వై-ఫై ఆపేసి నవల చదువుకోవడానికి 11 అయినా ఒకటే, 15 అయినా ఒకటే. యాప్‌లన్నీ నడుస్తాయని ఊరించి, ఎన్నాళ్ళు నడుస్తాయో చెప్పకపోవడం దగ్గరే నా పేచీ. ఆ మాట నమ్మి బ్యాంకు యాపూ, మెయిలు పాస్‌వర్డూ అందులో పెట్టేవాళ్ళుంటారు మరి.

ఇది ఈ-రీడర్లకే పట్టిన జబ్బు కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో 184 స్మార్ట్ వస్తువుల వెబ్‌సైట్లు చూస్తే, 163 చోట్ల అప్‌డేట్లు ఎంతకాలం వస్తాయన్న మాటే లేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కు తగిలించే వస్తువులకు ఆ గడువు చెప్పి తీరాలి. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచినా అది తప్పుదోవ పట్టించే ప్రకటనే. మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఫిర్యాదుకు ఫోన్ నంబరు 1915.

కొన్న రోజే ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, సెక్యూరిటీ అప్‌డేట్ అన్నచోట ఏ తేదీ ఉందో చూడండి. అది రెండేళ్ళ కిందటిదైతే, వాపసు గడువు దాటకముందే మళ్ళీ డబ్బాలో పెట్టేయండి.